వంటల పుస్తకము తెలుగుననే ఉండవలెను, వెలకే అమ్మవలెను

కృష్ణగిరిలో ఏటేట జరుగు అఖిల భారత మామిడి ప్రదర్శనమున ఈసారి మన సంఘము పక్షమున ఒక వంటల పుస్తకమును అచ్చువేయించి అమ్మవలెనను ఆలోచన పోయిన కార్యవర్గ సమావేశమున చర్చకు వచ్చినది. ఆలోచన మంచిదని అందరును ఒప్పుకొనిరి. తరువాత జరిగిన చర్చను వినినవారికి మాత్రము ఆ ఒప్పుకోలులో మిగిలినదేమి యను సందేహము కలుగక మానదు. ఒకరు పుస్తకము తమిళముననే ఉండవలెననిరి. మరొకరు ఇంగ్లీషు మేలనిరి. ఇంకొకరు వెల పెట్టవలదు, ప్రకటనలు సేకరించి ఉచితముగ పంచుదమనిరి. మన ఊళ్ల వంటలు మోటు వంటలు, గుంటూరు గోదావరి వంటలు వేసిన గౌరవముగ ఉండునని వేరొకరు సెలవిచ్చిరి. మాంసపు వంటలు చేర్చరాదనినవారును కలరు. ఇన్ని సవరణలకు తలయొగ్గిన పిమ్మట తేలునది ఎవరి భాషయు కాని, ఎవరి వంటయు కాని, ఎవరును కొనని పుస్తకము. దీనికి మేము సమ్మతింపజాలము. మా అభిప్రాయమును దాపరికము లేక వ్రాయుచున్నాము.

ముందుగ ఈ పుస్తకము ఎక్కడ అమ్మబోవుచున్నామో తలచుకొందము. మామిడి ప్రదర్శనమునకు వచ్చువారు పండితులు కారు. తోట రైతులు, వారి ఇల్లాండ్రు, నర్సరీలవారు, గుజ్జు కర్మాగారములకు కాయ తోలువారు, సెలవునాడు పిల్లలతో వచ్చు కుటుంబములవారు. అక్కడ బల్లలపై వరుసగ పేర్చిన కాయలను చూచి, పేర్ల చీటీలు చదివి, ముక్కున వేలు వేసికొని ఇంటికి పోవుదురు. చూచినదానిని ఇంటికి పోయి ఏమి చేయవలెనో చెప్పు చీటీ ఒక్కటియు మేము చూడలేదు. మన జిల్లాలో విరివిగ పండు తోతాపురిని ఇక్కడివారు బెంగుళూరా అందురు. ఆంధ్రదేశమున అదే కాయ కలెక్టరు కాయ. దానిలో ఎక్కువ పాలు గుజ్జునకు పోవును. 2025 వేసవిలో దాని ధర పతనమైనప్పుడు చిత్తూరు ప్రాంతపు రైతులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలోకు 4 రూపాయలు చేర్చి ఇత్తునని ప్రకటింపవలసి వచ్చినది. మన జిల్లా రైతులును ధర కొఱకు ఆందోళన చేసిరి. వంటల పుస్తకము ధరను నిలబెట్టునని మేము చెప్పము. కాని ఆ కాయతో పప్పు, పచ్చడి, పులిహోర, ఒరుగులు, తాండ్ర, సంవత్సరమంతయు నిలుచు ఊరగాయ ఎట్లు చేయవలెనో తరతరములుగ ఎఱిగిన ఇల్లాండ్రు ఆ తోటల నడుమనే ఉన్నారు. వారి విద్యకు ఆ ప్రదర్శనమున ఒక బల్లయైనను లేకుండుట న్యాయము కాదు. మన పుస్తకము ఆ లోటును తీర్చవలెను.

ఇక భాష మాట. తమిళముననే వేయుదమనువారి వాదమును మేము తేలికగ కొట్టివేయము. మన పిల్లలలో అనేకులకు తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. ఇది నిజము. ఎందుచేత వచ్చిన నిజము? 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును మన ఊళ్లు మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. సేలము జిల్లానుండి 1965లో ధర్మపురి, దానినుండి 2004లో కృష్ణగిరి వేరుపడినవి. జిల్లా పేరు మారినను పొయ్యి మారలేదు, పొయ్యి యొద్ద పలుకు మాట మారలేదు. బడిలో మాత్రము మారినది. 2006లో తమిళ బోధనను నిర్బంధము చేయు చట్టము వచ్చినది. ఆ యేట ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చిరి. అప్పటినుండి మైనారిటీ భాషల విద్యార్థులు పరీక్షలో వెసులుబాటు కొఱకు న్యాయస్థానముల మెట్లెక్కుచునే ఉన్నారు. 2023లో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన మినహాయింపును ఒక్క యేటికే పరిమితమైనది. తమిళము నేర్వరాదని మేమెన్నడును అనలేదు, అనబోము. మన పిల్లలు తమిళము చక్కగ నేర్తురు గాక. తెలుగు మానవలెననుటయే మేము ఒప్పుకొనని మాట.

పిల్లలకు లిపి రాదు గనుక లిపిని వదలుదమనుట, పంటకు నీరందలేదు గనుక చేనిని అమ్ముదమనుట వంటిది. రాజ్యాంగము 29వ అధికరణమున భాషతోపాటు లిపిని కూడ నిలుపుకొను హక్కును స్పష్టముగ పేర్కొన్నది. ఆ హక్కు కొఱకు ఒకవైపు అర్జీలు వ్రాయుచు, మరియొకవైపు మన సంఘము తన సొంత వ్రేళ్లతో అచ్చువేయు పుస్తకమున ఆ లిపిని తీసివేసిన, ఆ అర్జీని చదువు అధికారి మనలను చూచి నవ్వడా?

మేము సూచించు మార్గము సులువైనది. పుస్తకము తెఱచినప్పుడు ఎడమ పుటను తెలుగు, కుడి పుటను తమిళము ఉండవలెను. వాక్యమునకు వాక్యము ఎదురెదురుగ, పెద్ద అక్షరములతో ఉండవలెను. తమిళ సోదరి కుడి పుట చదివి వండుకొనును. మన యింటి మనుమరాలు కుడి పుట చదువుచు, అవ్వ నోట వినిన మాట ఎడమ పుటను ఎట్లున్నదో చూచును. ఉప్పు, పప్పు, కారము, నెయ్యి అను మాటలు చూచి చూచి అక్షరములు పట్టువడును. బడిలో దొరకని వాచకము వంటింట దొరకును. ఇంగ్లీషు కావలెననువారికి మేము చెప్పునది ఒక్కటే. పుస్తకము అమ్ముడుపోయి రెండవ ముద్రణకు వచ్చినప్పుడు ఆ సంగతి ఆలోచింతము.

ఎదురెదురు పుటలు వైరమునకు గుర్తులు కావు. చలికాలమున మనము అనపగింజలను రాత్రి నానవేసి, తెల్లవారి వ్రేళ్ల నడుమ పితికి, తోలు వదలిన పప్పును కూర చేయుదుము. అందుచేత అది పితికిపప్పు అయినది. తమిళులు దానిని పిదుక్కుపరుప్పు అందురు. ఎల్లదాటి ఆనేకల్లు పోయిన కన్నడిగులు హితికిద బేళె అందురు. మూడు భాషలవారు ఒకే గింజను ఒకే తీరున పితికి, ఒకే క్రియతో దానికి పేరు పెట్టుకొనిరి. ఇట్టి సంగతి ఒక్కటి చాలు, పక్కింటివారు మన పుస్తకమును కొని దాచుకొనుటకు. తమిళ పుట మాత్రమే ఉన్న పుస్తకమున ఈ చుట్టరికము కనబడునా?

తమ భాషలో వ్రాసిన ఇతరులు చదువరని భయపడువారు ఒక ఉదాహరణము వినవలెను. 1951లో మద్రాసున ఎస్. మీనాక్షి అమ్మాళ్ అను ఇల్లాలు తమ ఇంటి వంటలను తమ ఇంటి తమిళమున వ్రాసి "సమైత్తుప్పార్" అను పేర ప్రకటించిరి. వండి చూడుమని దాని అర్థము. ఆమె ఇతరుల మెప్పు కొఱకు భాష మార్చుకొనలేదు. తరువాత ఇతర భాషలే ఆమె యొద్దకు వచ్చినవి. ఇంగ్లీషు, తెలుగు, కన్నడ అనువాదములు వెలువడినవి. తెలుగువారు వంటల పుస్తకములు కొనరనువారు మాలతీ చందూర్ గారి "వంటలు - పిండివంటలు" ఎన్ని ముద్రణలు పొందినదో పుస్తకాల అంగడివారిని అడిగి తెలిసికొందురు గాక.

ఇప్పుడు "మోటు" అను మాటకు జవాబు. మనది మొరసునాడు. మన ముత్తాతలు ఇక్కడ రాగి పండించి, సంగటి తిని, కొండలు కొట్టి తోటలు వేసిరి. సంగటి చేయుట తేలికని తలచువారు ఒకసారి చేసి చూడవలెను. నూకలు ఉడికిన ఎసటి నడుమ రాగిపిండిని కుప్పగ పోసి, కదపక ఆవిరి పట్టనిచ్చి, పిండి లోపల పచ్చి పోయిన పిమ్మట తెడ్డుతో ఉండకట్టకుండ కెలికి, తడిచేతితో ముద్ద చేయవలెను. ఎప్పుడు కెలుకవలెనో తెలియుటయే అందలి విద్య. దానికి తోడు ఊరిబిండి, ఉలవచారు, చింతచిగురు పప్పు. వీనిని వదలి మనమెన్నడును వండని దూరపు జిల్లాల వంటలను వేసిన, కొనువారు మన పుస్తకమును ఎందుకు కొనవలెను? ఆ వంటలు చెప్పు పుస్తకములు అంగడిలో కావలసినన్ని కలవు. మన వంటలు చెప్పునది మాత్రము మా కంటబడలేదు.

మాటల విషయమునను ఇదే కథ. ఒక మిత్రులు చిత్తుప్రతిని సరిదిద్ది యిత్తుమని, ఎఱ్ఱగడ్డ అను చోటనెల్ల ఉల్లిపాయ అనియు, తెల్లగడ్డను వెల్లుల్లి అనియు, ఉర్లగడ్డను బంగాళాదుంప అనియు, ఒబ్బట్లను బొబ్బట్లు అనియు మార్చిరి. వారి సద్బుద్ధిని మేము శంకింపము. కాని ఇది దిద్దుబాటు కాదు, మన ఇంటిపేరు మార్చుట. హోసూరు అంగడిలో ఇల్లాలు ఎఱ్ఱగడ్డలే కొనును. ఆమె మాట పుస్తకమున కనబడనియెడల అది ఆమె పుస్తకము కాదు. తెలియనివారి కొఱకు పుస్తకము చివర నాలుగు పుటల పదపట్టిక చాలును. మా పత్రిక గ్రాంథికమున వ్రాయుచున్నదే, వంటకు మాత్రము వాడుక మాట యేల యని ఎవరైన అడుగవచ్చును. వ్యాసమునకు వ్యాసపు భాష, పొయ్యి యొద్ద పొయ్యి భాష. ఒకదానిచే మరియొకదానిని శిక్షింపరాదు.

మాంసపు వంటలు చేర్చిన పుస్తకమునకు పవిత్రత పోవునను వాదము మమ్ములను మిక్కిలి నొప్పించినది. మన సంఘపు చందా పుస్తకమున అన్ని కులములవారి పేర్లు కలవు. చందా పుచ్చుకొన్నప్పుడు అడుగని కులమును వంట అడుగునప్పుడు ఏల అడుగవలెను? సంగటికి నాటుకోడి పులుసు జోడని ఈ నాట ఎఱుగనివాడు లేడు. ఎండుచేపల కూర, తలకాయ కూర, పేగుల వేపుడు తిని పెరిగిన పిల్లలు ఈ పుస్తకము చేతబట్టి తమ అమ్మ వంటను వెదకి కానక మూసివేసిన, ఆ పాపము ఎవరిది? శాకములకు ఒక భాగము, మాంసములకు ఒక భాగము ఏర్పఱచుడు. తినని వారు ఆ పుటలు తెఱువకుందురు గాక. లేకున్న "తెలుగువారి వంటలు" అను పేరు అట్టమీద వేయుటకు మనకు అర్హత లేదు.

వంటలు సేకరించు పద్ధతి గుఱించి కొంత గట్టిగ చెప్పవలసియున్నది. ఇంటింటికి కాగితములు పంపి వ్రాసి పంపుడనిన, వ్రాయగలవారి వంటలే వచ్చును. నిజముగ వండగల అవ్వలలో అనేకులు వ్రాయలేరు. "అవ్వా, ఉప్పెంత?" అని అడిగిన "నా చేతికొచ్చినంత" అనును. ఆ చేయి ఎంతటిదో పుస్తకమునకు తెలియదు. కనుక మన యువతులు త్రాసు పట్టుకొని పోయి, అవ్వ ప్రక్కన కూర్చుండి, ఆమె చేతిలోనికి తీసికొన్న ఉప్పును ఆమె పాత్రలో వేయకముందే తూచి గ్రాములలో వ్రాసికొనవలెను. ఆమె చెప్పిన మాటను కూడ ఆమె చెప్పినట్లే వ్రాయవలెను. మనదేశము 1956 నాటి చట్టముతో దశాంశపు తూనికలకు మారినను మన ఇండ్లలో పడి, పావు ఇంకను చెల్లుచునే ఉన్నవి. రెండును వేయవలెను. పావు అనవలసినచోట పడి అని అచ్చయిన ఎంత నష్టమో ఇల్లాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఊరగాయలో ఉప్పు తక్కువైన బూజు పట్టి ఏటి తిండి పాడగును. ఎక్కువైన నోట పెట్టరాదు. అందుచేత ప్రతి వంటను, చెప్పినవారు కాక మరియొకరు, అచ్చు కాగితము చూచి ఒకసారి వండి తీరవలెను. వండి చూడని వంట పుస్తకమున చేరరాదు.

ప్రతి వంట క్రింద చెప్పిన ఇల్లాలి పేరు, ఆమె ఊరి పేరు ఉండవలెను. ఫలానివారి భార్య యనియు, ఫలానివారి తల్లి యనియు కాదు, ఆమె పేరే. అట్టమీద గాని, లోపల గాని పెద్దమనుషుల ఫొటోలు, శుభాకాంక్షలు, సందేశములు ఒక్క పుటయైనను ఉండరాదు. ఆ పుటకు ఒక పచ్చడి పట్టును.

ఇక వెల. ఉచితముగ పంచిన అందఱికి చేరునను మాట పైకి ధర్మముగ కనబడును. మా అనుభవము వేరు. పూర్వము మన సంఘమే ఒక ఉత్సవ సంచికను ప్రకటనల డబ్బుతో వేసి ఉచితముగ పంచినది. మేమును ఆ పనిలో ఉంటిమి, తప్పు మాదియు. మరునాడు అదే వీథిలో చెనక్కాయలు కొనినప్పుడు పొట్లముగ వచ్చినది మన సంచిక పుటయే. వెల లేనిదానికి విలువ కట్టువారు అరుదు. అదియు గాక, ప్రకటనలిచ్చినవారే ఆ సంచికలో ఏమి ఉండవలెనో నిర్ణయించిరి.

లెక్క చూతము. వెయ్యి ప్రతులు వేయుటకు ప్రతికి 80 రూపాయలైనదనుకొనిన 80,000 రూపాయలు కావలెను. వెల 150 రూపాయలు పెట్టిన, 534 ప్రతులు అమ్ముడుపోయిన నాడు పెట్టుబడి తిరిగి వచ్చును. వంట చెప్పిన ఇల్లాండ్రు 60 మంది అనుకొని వారికి తలకొక ప్రతి, చట్టప్రకారము గ్రంథాలయములకు 4, సంఘమునకు 2 తీసివేసినను ఇంక 400 ప్రతులు మిగులును. వాని వలన 60,000 రూపాయలు వచ్చును. అచ్చు పుస్తకములపై వస్తు సేవల పన్ను లేదు. పుస్తకమునకు అంతర్జాతీయ సంఖ్య మనదేశమున రుసుము లేకయే దొరకును. ఊరగాయ సీసాలు అమ్మవలెనన్న ఆహార భద్రతా నమోదు కావలెను; ఊరగాయ పెట్టు తీరు అమ్ముటకు అది అక్కఱలేదు. ప్రదర్శనమున ఒక బల్ల, దానివద్ద తెలుగు తమిళము రెండును మాటలాడగల ఇద్దరు యువతులు, చిల్లర డబ్బులు, చేతి ఫోనున డబ్బు పుచ్చుకొను చీటీ ఉన్న చాలును. వచ్చిన మిగులులో సగము రెండవ ముద్రణకు, సగము సాయంకాలపు తెలుగు తరగతుల వాచకములకు చెందవలెను. ఈ మాటను పుస్తకపు చివరి అట్టమీద అచ్చువేయవలెను. అప్పుడు కొనువాడు తాను వంట మాత్రమే కొనలేదని తెలిసికొనును.

గ్రంథాలయములని యంటిమి. 1954 నాటి చట్టము ప్రకారము మనదేశమున ప్రకటించిన ప్రతి పుస్తకము కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చెన్నపట్టణపు కన్నెమరా గ్రంథాలయము మొదలైన మరి మూడింటికిని పంపవలెను. వ్రాయనేరని అవ్వ చెప్పిన ఊరిబిండి, ఆమె పేరుతో, ఆమె మాటతో, ఆమె లిపిలో ఆ బీరువాలలో చేరును. ఈ ఊళ్లలో తెలుగు ఎక్కడున్నదని రేపు ఎవరైన అడిగిన చూపుటకు అదియొక సాక్ష్యము.

బడుల సమస్య తలమీద నుండగ వంటల పుస్తకమేమి యని కోపించు పెద్దలు కొందఱు కలరు. వారి కోపము న్యాయమైనదే. కాని వారినొకటి అడుగుచున్నాము. బడి కొఱకు సభ పెట్టినప్పుడు వచ్చువారిలో స్త్రీలెందఱు? మన సంఘము ఇన్నేండ్లలో ఇల్లాండ్ర గడప తొక్కి, మీకు తెలిసినది మాకు చెప్పుడని అడిగినది ఎన్నడు? బిడ్డకు మొదటి మాట నేర్పునది ఆమె. ఆమెను విడిచి భాషను కాపాడుదమనుట వేరును విడిచి ఆకులకు నీరు పోయుట. ఈ పుస్తకము బడికి పోటీ కాదు, బడికి త్రోవ.

కాలము తక్కువ. ప్రదర్శనము మామిడి కాలపు చివర వచ్చును. ఊరగాయలు పెట్టునది అంతకు ముందే. ఉగాది వెళ్లినది మొదలు మన ఇండ్లలో కాయ కొట్టుట ఆరంభమగును. త్రాసుతో కూర్చుండవలసినది అప్పుడే. పెట్టిన జాడీ ముందు నిలిచి కొలతలు అడుగుట వృథా. కార్యవర్గము వచ్చు సమావేశమున మూడు తీర్మానములు చేయవలెనని కోరుచున్నాము: తెలుగు పుట ఉండవలెను, వెల ఉండవలెను, ఇల్లాలి పేరు ఉండవలెను. ఈ మూటిలో ఒకటి తప్పినను పుస్తకము వేయక మానుటయే మేలు. మూడును నిలిచిన, మొదటి ప్రతిని 150 రూపాయలిచ్చి కొనుటకు మేము బల్లవద్ద నిలుతుము. కార్యవర్గ సభ్యులును తమ తమ ప్రతులను వెలకే కొనవలెను.